ఇల్లు లేని మనిషి మళ్లీ నిలదొక్కుకోవడానికి స్థానిక సంస్థ ఏం చేయాలి: ఒడిశా సరిహద్దు పట్టణాల తెలుగువారికి ఒక మార్గదర్శిక

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, కోరాపుట్ ప్రాంతాలు అందులో కలిశాయి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం పట్టణాలలో తెలుగు కుటుంబాలు అంతకు ముందు నుంచీ ఉన్నాయి, నేటికీ ఒడియా వారితో కలిసి బతుకుతున్నాయి. హౌరా–చెన్నై రైలు మార్గం మీద ఉన్న బరంపురం స్టేషనులో, బస్టాండులో, గుడి మండపాలలో రాత్రి గడిపే వారిలో శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చిన వృద్ధులు ఉంటారు, సూరత్ మిల్లులలో పనిచేసి జబ్బుపడి తిరిగివచ్చిన గంజాం కూలీలు ఉంటారు, మతి చలించి ఏదో ఒక రైలెక్కి ఎక్కడో దిగిపోయిన వారూ ఉంటారు. రెండు భాషలూ వచ్చిన మన పట్టణాల తెలుగు సంఘాలు ఈ పనికి ఎంతగానో ఉపయోగపడగలవని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇటువంటి సంస్థను నడపదలచిన వారికీ, ఇప్పటికే నడుపుతున్న సంస్థలో చేరదలచిన వారికీ ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. చలికాలంలో దుప్పట్లు పంచడం, పండుగనాడు అన్నదానం చేయడం మంచి పనులే అయినా, వాటివల్ల ఎవరూ వీధి నుంచి బయటపడరు. 2011 జనాభా లెక్కలు దేశంలో ఇల్లు లేనివారిని సుమారు 17.7 లక్షలుగా నమోదు చేశాయి. రోడ్డు పక్కన, ప్లాట్‌ఫారాల మీద, వంతెనల కింద, మండపాలలో నివసించే వారిని ఆ లెక్కలో చేర్చారు. వారిలో ఒక్కొక్కరు అక్కడికి చేరడానికి ఒక్కొక్క కారణం ఉంటుంది. ఆ కారణం తెలుసుకుని, ఆ మనిషి ఒప్పుకున్న క్రమంలో, నెలల తరబడి వెంట ఉండగలిగితేనే సంస్థ పెట్టుకున్నదానికి ప్రయోజనం. ఏది ముందు, ఏది తరువాత అన్న నిర్ణయం ఆ మనిషిదే కావాలి. కొందరికి ముందు కాలి పుండు మానాలి, కొందరికి ముందు కూతురి ఆచూకీ తెలియాలి.

మొదటి పరిచయం

పరిచయానికి రాత్రి తొమ్మిది దాటిన తరువాత వెళ్లడం మంచిది, ఎందుకంటే పగలు కనిపించే వారందరూ అక్కడే పడుకునేవారు కాదు. వారంలో అవే రోజులలో, అదే వేళకు, అదే ఇద్దరు కార్యకర్తలు వెళ్లాలి. వారిలో ఒకరు స్త్రీ అయితే మేలు. ఫొటోలు తీయకూడదు. ఇల్లు ఎందుకు వదిలారని మొదటి రోజే అడగకూడదు. పక్కన కూర్చుని, తిన్నారా అని అడిగి, మళ్లీ ఎప్పుడు వస్తామో చెప్పి, చెప్పినట్టే రావాలి. ఈ చివరి మాటను చాలా సంస్థలు తేలికగా తీసుకుంటాయి, కానీ మాట తప్పిన వారిని ఎంతోమందిని చూసినవారు మనల్ని నమ్మడానికి మరో దారి లేదు.

ఊరి పేరు అడిగితే చెప్పలేనివారు, చెప్పదలచుకోనివారు చాలామంది ఉంటారు. అటువంటప్పుడు ఏ సంతకు వెళ్లేవారు, ఏ అమ్మవారి పండుగ చేసేవారు, రైలు ఏ స్టేషనులో దిగేవారు వంటి ప్రశ్నలు పనికివస్తాయి. మా బస్టాండులో ఒక పెద్దావిడ అడిగిన వారికల్లా ఒక్కో పేరు చెబుతూ, ఒడియాలో అడిగితే వచ్చీరాని ఒడియాలో జవాబిస్తూ ఉండేది. సోంపేట వైపు నుంచి వచ్చిన మా కార్యకర్త ఒకరు ఆమెకు టీ అందిస్తూ వేళ్ల కొసల మీది పాత కాలిన మచ్చలు గమనించి, "అమ్మా, జీడిపిక్కలు ఒలిచేవారా?" అని అడిగారు. ఆమె చాలాసేపు ఆయన ముఖంలోకి చూసి, "పలాసలో బాబూ, సానా యేళ్లు" అంది. ఆ ఒక్క మాట పట్టుకుని పలాస జీడి పరిశ్రమలలో విచారిస్తే ఆమె మేనకోడలు దొరికింది. స్థానిక సంస్థకు ఉండే బలం ఇలాంటిదే, పెద్ద నగరాల నుంచి వచ్చే వారికి ఇది సులభంగా అబ్బదు.

పిల్లలు ఒంటరిగా కనిపిస్తే మాత్రం మన పద్ధతులేవీ పాటించకుండా వెంటనే బాలల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం బిడ్డను 24 గంటలలోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. సంస్థ తన దగ్గర ఉంచుకోకూడదు.

బస

పట్టణాలలో నిరాశ్రయుల వసతి గృహాలకు 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలు ఆధారంగా ఉంటూ వచ్చాయి. ప్రతి లక్ష జనాభాకు కనీసం 100 మందికి సరిపడే వసతి, మనిషికి 50 చదరపు అడుగుల చోటు, పగలూ రాత్రీ తెరిచి ఉండే ఏర్పాటు వాటిలో ఉన్నాయి. ఈ గృహాల నిర్వహణను పురపాలక సంఘాలు స్వచ్ఛంద సంస్థలకు అప్పగించవచ్చు. మీ పట్టణంలో ఇటువంటి గృహం ఉంటే కొత్తది కట్టే ఆలోచన మానుకుని, ఉన్నదాని నిర్వహణ కమిటీలో చోటు అడగండి.

గృహంలో మంచాలు ఖాళీగా ఉన్నా ఎదురుగా ప్లాట్‌ఫారం మీద మనుషులు పడుకోవడం చూసి, వారికే రావాలని లేదని అధికారులు అనడం వింటూ ఉంటాము. వెళ్లి అడిగితే కారణాలు తేలికగానే తెలుస్తాయి. మూట దాచుకోవడానికి తాళం వేసే పెట్టె ఉండదు, భార్యాభర్తలను విడదీస్తారు, ఆధార్ చూపనిదే లోపలికి రానివ్వరు, తెల్లవారుజామున మార్కెట్లో బరువులు దించే పనికి వెళ్లేవారికి తలుపు తీసే మనిషి ఉండడు. ఈ నాలుగూ సరిచేయడానికి పెద్ద ఖర్చు కాదు. గుర్తింపు కార్డు లేని మనిషినే మనం వెతుకుతున్నాము కనుక, దానిని ప్రవేశానికి షరతుగా పెట్టడం ఎంతమాత్రం తగదు. భోజనానికి, 2015 ఏప్రిల్ 1న ఒడిశా ప్రభుత్వం మొదలుపెట్టిన ఆహార్ కేంద్రాలలో 5 రూపాయలకు అన్నం, దాల్మా (కూరగాయలు వేసిన పప్పు) పెడతారు. అయితే చాలాకాలంగా సరిగా తినని మనిషికి ఒకేసారి కడుపునిండా పెట్టడం ప్రమాదకరం. పలుచని గంజితో కొద్దికొద్దిగా మొదలుపెట్టి వైద్యుని సలహా తీసుకోవాలి.

ఆరోగ్యం

మొదటి వారంలోనే పుండ్లు, గజ్జి, దగ్గు, చూపు పరీక్ష చేయించాలి. రెండు వారాలు మించిన దగ్గు ఉంటే క్షయ పరీక్ష తప్పనిసరి. చికిత్స ఉచితం, పోషకాహారానికి ప్రభుత్వం నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తుంది. ఖాతా లేక ఆ సొమ్ము అందనివారు ఉన్నారు కనుక ఈ పనినీ, కాగితాల పనినీ ఒకేసారి నడపాలి.

మానసిక వ్యాధితో తిరిగేవారి విషయంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గురించి ప్రతి కార్యకర్తకూ తెలిసి ఉండాలి. అటువంటి వారిని పోలీసులు లాకప్‌లో ఉంచకూడదు, 24 గంటలలోగా దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య సంస్థకు చేర్చాలి, తప్పిపోయిన మనిషిగా ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి, కుటుంబాన్ని వెతికే బాధ్యత స్టేషను అధికారిదే అని 100వ సెక్షను చెబుతోంది. నిరాశ్రయులకు చికిత్స పూర్తిగా ఉచితమని 18వ సెక్షను చెబుతోంది. ఈ రెండు సెక్షన్ల ప్రతిని ఒడియాలో అచ్చువేయించి జేబులో ఉంచుకుంటే, స్టేషనులో వాదించవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది. గంజాం, గజపతి, రాయగడ ప్రాంతాల వారికి బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రే పెద్ద దిక్కు. అక్కడికి తెలుగు మాత్రమే వచ్చిన మనిషిని తీసుకువెళ్లేటప్పుడు వెంట ఉన్నవారు రోగి మాటను ఉన్నదున్నట్టు చెప్పాలి, తమ అభిప్రాయం కలపకూడదు. సందేహాలకు 14416 నంబరులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్ సలహా దొరుకుతుంది.

కాగితాలు

నా దృష్టిలో సంస్థ చేసే అన్ని పనులలోకీ ఎక్కువ ఓపిక కోరేది ఇదే, సరిహద్దులో ఇంకా ఎక్కువ. చాలామంది గతంలో ఒకసారి ఆధార్ నమోదు చేయించుకునే ఉంటారు. ఆ సంగతి తెలియక కొత్తగా నమోదు చేయిస్తే అది తిరస్కరణకు గురవుతుంది. అందుకని ముందు ఆధార్ సేవా కేంద్రంలో వేలిముద్రలతో పాత వివరాలు దొరుకుతాయేమో అడగాలి. దొరికితే పాత చిరునామా కూడా తెలుస్తుంది, ఒక్కొక్కప్పుడు కుటుంబం ఆచూకీ కూడా అక్కడే తేలుతుంది. ఎన్నడూ నమోదు కానివారి విషయంలో, స్థిరమైన నివాసం లేనివారికి ఆధార్ ఇవ్వడానికి ప్రత్యేక చర్యలు తీసుకోవాలని 2016 చట్టంలోని 5వ సెక్షనే చెబుతున్నదని గుర్తుచేయండి.

పేర్ల దగ్గర పెద్ద చిక్కు వస్తుంది. శ్రీకాకుళం వైపు కాగితాలలో ఇంటిపేరు ముందు ఉంటుంది, తరచుగా ఒక్క అక్షరంగానే ఉంటుంది. ఒడిశా కాగితాలలో ఇంటిపేరు చివర పూర్తిగా రాస్తారు. ఒకే మనిషి రెండు కాగితాలలో ఇద్దరైపోయి, బ్యాంకులో పింఛను ఆగిపోతుంది. కనుక మొదటి కాగితం చేయించిన రోజునే పేరును ఏ క్రమంలో, ఏ వర్ణక్రమంతో రాయాలో ఆ మనిషితో కలిసి నిర్ణయించి, రిజిస్టరులో తెలుగు, ఒడియా, ఆంగ్ల లిపులు మూడింటిలోనూ రాసి, ఆ తరువాత ప్రతి దరఖాస్తులోనూ అదే వాడాలి.

అధికారిక పత్రం ఏదీ లేకపోయినా ఫొటో, సంతకం లేదా వేలిముద్రతో బ్యాంకులో చిన్న ఖాతా తెరవవచ్చు. అందులో నిల్వ 50,000 రూపాయలు మించకూడదు, నెలకు 10,000 రూపాయలకు మించి తీయకూడదు, ఏడాదిలోగా పత్రాలకు దరఖాస్తు చేసినట్టు చూపాలి. ఓటు హక్కుకు ఇల్లు ఉండనక్కరలేదు. 6వ నంబరు ఫారంలో పడుకునే చోటు రాస్తే, బూత్ స్థాయి అధికారి రాత్రివేళ వచ్చి ఆ మనిషి నిజంగా అక్కడ పడుకుంటున్నదీ లేనిదీ చూసుకుంటారు. ఆ రాత్రులలో మన కార్యకర్త కూడా అక్కడ ఉండాలి, లేకపోతే కొత్త మనిషిని చూసి వారు లేచి వెళ్లిపోయే ప్రమాదం ఉంది.

ఆంధ్రలో రేషన్ కార్డు ఉన్నవారు ఇక్కడి చౌకధరల దుకాణంలో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. అయితే అది జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఇచ్చిన కార్డు అయి ఉండాలి, రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డుకు ఈ సౌకర్యం వర్తించదు. ఈ తేడా ముందే చూసుకోకపోతే ముసలివారిని ఉత్తచేతులతో దుకాణం చుట్టూ తిప్పినవారమవుతాము. పింఛను సంగతి వేరు. ఒడిశాలో మధుబాబు పింఛను ఇక్కడి నివాసులకే ఇస్తారు, ఆంధ్ర పింఛను అక్కడి వారికే ఇస్తారు. ఏ వైపు స్థిరపడాలో ఆ మనిషి తేల్చుకునేదాకా దరఖాస్తు పెట్టకండి, రెండు చోట్లా పేరు ఉంటే చివరికి రెండూ పోతాయి. దరఖాస్తులు అకారణంగా తిరస్కరిస్తే జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థలో ఉచితంగా న్యాయవాది దొరుకుతారు, ఫోను నంబరు 15100.

పని, ఇల్లు

వీధిలో ఉన్నవారిలో ఎక్కువమంది ఇప్పటికే పని చేస్తున్నారు. ట్రాలీ రిక్షా తొక్కడం, పెళ్లిళ్లలో గిన్నెలు తోమడం, పాత సామాను ఏరడం వారి పనులే. వారికి కొత్త పని నేర్పడం కంటే ముందు, చేసిన పనికి కూలి సరిగా అందేలా, అందిన కూలి దొంగల పాలు కాకుండా ఖాతాలోకి చేరేలా చూడాలి. 16 నుంచి 59 ఏళ్ల వారిని అసంఘటిత కార్మికుల జాబితా అయిన ఇ-శ్రమ్‌లో నమోదు చేయించాలి. చిన్న వ్యాపారం చేయగలవారికి 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కింద గుర్తింపు పత్రం, 2020లో మొదలైన పీఎం స్వనిధి కింద రుణం ఇప్పించవచ్చు. అప్పు తీర్చగలరన్న నమ్మకం మనకు కాక వారికి కలిగాకే రుణం ఇప్పించాలి.

కుటుంబం దొరికింది కదా అని వెంటనే రైలెక్కించకూడదు. ముందు సంస్థ వారు ఒకసారి ఆ ఊరు వెళ్లి, ఇంట్లో ఎవరున్నారో, ఎవరికి ఏం భయమో, పొలం తగాదా ఏమైనా ఉందో చూసి రావాలి. కొట్టే భర్త దగ్గరికి ఒక స్త్రీని తిరిగి పంపడం సాయం కాదు. మహారాష్ట్రలోని కర్జత్‌లో శ్రద్ధా పునరావాస సంస్థ వీధుల్లోని మానసిక రోగులకు చికిత్స చేసి, స్వయంగా వెంట వెళ్లి ఇంటివారికి అప్పగిస్తుంది. దాని వ్యవస్థాపకుడు డాక్టర్ భరత్ వట్వానీకి 2018లో మెగసెసే పురస్కారం లభించింది. ఇంటికి వెళ్లలేని వారి కోసం, 1993లో చెన్నైలో మొదలైన ద బన్యన్ సంస్థ మామూలు వీధులలో ఇళ్లు అద్దెకు తీసుకుని నలుగురైదుగురు కలిసి కాపురం ఉండేలా ఏర్పాటు చేస్తోంది. మన చిన్న పట్టణాలలో అద్దెలు తక్కువ, ఇరుగుపొరుగు పలకరింపు ఎక్కువ కనుక ఈ రెండవ పద్ధతి ఇక్కడ ఇంకా బాగా నడుస్తుందని నా అభిప్రాయం. ఇంటి యజమానితో మొదటి ఆరు నెలల అద్దెకు సంస్థ పూచీ ఉండి, ఆ తరువాత ఒప్పందం ఆ ఇంట్లో ఉండేవారి పేరు మీదికి మార్చాలి.

ఇల్లు కుదిరిన తరువాత మొదటి నెల వారం వారం, ఆ తరువాత నెలకొకసారి వెళ్లి మందులు వాడుతున్నారా, రేషన్ అందుతోందా, పొరుగువారితో ఎలా ఉన్నారు అని కనుక్కోవాలి. కొందరు మళ్లీ ప్లాట్‌ఫారానికి వచ్చేస్తారు. అప్పుడు కోప్పడకుండా, కొత్త మనిషిగా మళ్లీ మొదటి నుంచి ప్రశ్నించకుండా, పాత ఫైలు తెరిచి ఆగినచోటి నుంచి పని కొనసాగించాలి. అందుకోసం ఫైలు నకలు ఒకటి సంస్థ దగ్గర, మరొకటి ఆ మనిషి దగ్గర, తడవని సంచీలో ఉండాలి. సంస్థ ఫోను నంబరు దాని పైన తెలుగులోనూ ఒడియాలోనూ పెద్ద అంకెలతో రాయాలి. కార్యకర్త ఉద్యోగం మారి వెళ్లేటప్పుడు తాను చూసుకుంటున్న ప్రతి ఒక్కరి దగ్గరికీ తన స్థానంలో వచ్చేవారిని స్వయంగా తీసుకువెళ్లి పరిచయం చేసిన తరువాతే బాధ్యత అప్పగించాలి.