ముందు అద్దం మార్చాక కెమెరా క్యాలిబ్రేషన్: సరైన పద్ధతి ఎలా వెతకాలి?

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో కారు ముందు అద్దం మార్చడం పూటలో అయిపోయే పని. ఎక్స్‌యూవీ700, వెర్నా, హారియర్ లాంటి కార్లలో అడాస్ (కెమెరా, రాడార్లతో రోడ్డును గమనిస్తూ డ్రైవర్‌కు సాయపడే వ్యవస్థ) ఉన్న వేరియంటయితే మాత్రం అద్దం అతికించాక అసలు పని మిగిలే ఉంటుంది: క్యాలిబ్రేషన్, అంటే కెమెరా చూపును మళ్లీ సరిచేయడం. ఆ అద్దం వెనకున్న కెమెరా చూపు ఒక్క డిగ్రీ పక్కకు జరిగితే వంద మీటర్ల దూరంలో తేడా దాదాపు 1.75 మీటర్లు. హైవే మీద లేన్ వెడల్పే 3.5 మీటర్లు. పక్క లేన్‌లో వెళ్తున్న లారీ మన ముందే ఉందనుకుని కారు తనంతట తాను బ్రేకు వేయవచ్చు.

మొదట ఆర్‌సీ చూసి 17 స్థానాల ఛాసిస్ నంబరు రాసుకోండి. మోడల్ పేరు, సంవత్సరం చాలవు. ఒకే మోడల్లో ఒక వేరియంట్‌కు కెమెరా, రాడార్ రెండూ ఉంటే, ఇంకోదానికి ఏదీ ఉండదు. వెనక బంపర్ లోపలి రాడార్లు బయటికి కనిపించవు కాబట్టి ఓనర్ మాన్యువల్లోని బొమ్మ కూడా చూడండి.

పని మొదలుపెట్టకముందే స్కానర్ పెట్టి, కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లన్నీ భద్రపరచండి. "డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు వెలగలేదు కదా, క్యాలిబ్రేషన్ ఎందుకు?" అనే మాటను నమ్మకండి. చూపు తప్పిన సంగతి కెమెరా ప్రతిసారీ తనంతట తాను కనిపెట్టలేదు.

ఇక పద్ధతి వెతకాల్సింది తయారీ కంపెనీ సర్వీస్ మాన్యువల్లో. చాలామంది నేరుగా కెమెరా అధ్యాయం తెరిచి, అక్కడ ఏమీ దొరక్కపోతే వదిలేస్తారు. మీరు విప్పిన భాగం అధ్యాయం తెరవండి: అద్దం, బంపర్, సస్పెన్షన్, వీల్ అలైన్‌మెంట్. బిగించే సూచనల చివర, చిన్న గమనికగా, క్యాలిబ్రేషన్ తప్పనిసరి అని ఉంటుంది. కొన్ని కంపెనీలు దాన్నే ఎయిమింగ్ అనో ఇనిషియలైజేషన్ అనో రాస్తాయి. ఆ మాటలతోనూ వెతకండి. రాడార్ ముందుండే బంపర్ భాగానికి పుట్టీ, రంగు విషయంలో ఉన్న పరిమితులు బాడీ రిపేర్ మాన్యువల్లో చూడాలి. మాన్యువల్ అందుబాటులో లేని గ్యారేజీవారు ఛాసిస్ నంబరుతో డీలర్ సర్వీస్ విభాగాన్ని అడగడం మేలు. స్కానర్ తెరమీది సూచనలు సాయానికే, మాన్యువల్‌కు బదులు కావు. యూట్యూబ్ వీడియోలనయితే నేను లెక్కలోకే తీసుకోను.

దొరికిన పేజీలో ముందస్తు షరతులు చదవండి: టైర్లలో గాలి, ఇంధనం మట్టం, డిక్కీలో బరువు, వీల్ అలైన్‌మెంట్. స్టాటిక్ పద్ధతి (కారును నిలిపి చేసేది) అయితే సమతలమైన నేల, చెప్పిన కొలతలకు నిలబెట్టిన టార్గెట్ బోర్డు కావాలి. ఎగుడుదిగుడు షెడ్డులో అది కుదరదు. డైనమిక్ (కారు నడుపుతూ చేసేది) అయితే మాన్యువల్ చెప్పిన వేగంలో, లేన్ గీతలు స్పష్టంగా ఉన్న దారిలో నడపాలి. జనం తిరిగే బీచ్ రోడ్డు దీనికి పనికిరాదు. ఆనందపురం, అనకాపల్లి మధ్య ఆరు వరసల రహదారి నయం. జోరువానలో ప్రయత్నించకండి. కొన్ని కార్లకు రెండు పద్ధతులూ అవసరం.

బీమా క్లెయిమ్ ఉంటే, ఆ మాన్యువల్ పేజీ ప్రింటు తీసి, నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ ఎస్టిమేట్ ఖరారు చేయకముందే క్యాలిబ్రేషన్ ఖర్చును అందులో చేర్పించండి. పనయ్యాక మళ్లీ స్కాన్ చేసి, ఆ రిపోర్టును బిల్లుతోపాటు యజమానికి ఇవ్వండి.