కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో పాలసీ మార్చాలంటే: సెనేట్ తీర్మానం పెట్టే పద్ధతి

ముందు మీ విషయం ‘10+1’ జాబితాలో, అంటే అధ్యాపకుల ప్రతినిధి సంఘమైన అకడమిక్ సెనేట్‌తో బోర్డు సంప్రదించాల్సిన పదకొండు అంశాల్లో, ఉందో లేదో చూడండి. కరికులమ్, గ్రేడింగ్, డిగ్రీ అర్హతలు అకడమిక్ సెనేట్ పరిధి. జీతాలు, పనిభారం యూనియన్ బేరసారాల్లో తేలేవి. రెండూ ఒకే తీర్మానంలో కలిపారా, చర్చంతా ‘ఇది ఎవరి పని’ అన్నదగ్గరే చిక్కుకుంటుంది.

తర్వాత బోర్డ్ (కాలేజీ పాలక మండలి) పాలసీ తీయండి, చాలా కాలేజీ జిల్లాల్లో నంబరు 2510. ఆ అంశంలో బోర్డు ప్రధానంగా సెనేట్ మాట మీద ఆధారపడుతుందా, పరస్పర అంగీకారం కావాలా అన్నది అందులో ఉంటుంది. మొదటిదైతే మీ చేయి పైన: అసాధారణ పరిస్థితి, బలమైన కారణం ఉంటే తప్ప సిఫారసును తోసిపుచ్చరు. తోసిపుచ్చితే కారణాలు రాతపూర్వకంగా అడగండి. చాలామంది అడగరు!

తీర్మానంలో ‘గ్రేడింగ్ మెరుగుపరచాలి’ అని రాస్తే దాంతో ఎవరూ ఏమీ చేయలేరు. ఏ పాలసీ, ఏ పేరా, పాత వాక్యం, కొత్త వాక్యం, అమలయ్యే సెమిస్టర్ రాయండి.

బ్రౌన్ యాక్ట్ (బహిరంగ సమావేశాలపై కాలిఫోర్నియా చట్టం) ప్రకారం సాధారణ సమావేశం ఎజెండా 72 గంటల ముందే బయట పెట్టాలి. అందులో లేని అంశంపై, అరుదైన మినహాయింపులు తప్ప, ఓటింగ్ కుదరదు. చాలా సెనేట్లలో రెండు సమావేశాల్లో చదివాకే ఓటు. మే నెలలో మొదలుపెడితే మధ్యలో వేసవి సెలవులు వస్తాయి కాబట్టి శరదృతువు సెమిస్టర్ దాకా ఆగాల్సిందే.