పక్షవాతం తర్వాత మాట దొరకనివారితో ఇంట్లో సంభాషణ సాధన

మెదడులో, ఎక్కువగా ఎడమవైపు, దెబ్బ తగిలి మాట పట్టుతప్పడాన్ని అఫేసియా అంటారు. తెలివి అలాగే ఉంటుంది, మాటే దొరకదు. కాబట్టి పెద్దాయన చేతికి పలక ఇచ్చి అ ఆలు దిద్దించకండి. ఆయనకు కావాల్సింది ఇంట్లో రోజూ అవసరపడే మాటలు.

ముందు టీవీ కట్టేయండి, కళ్లజోడు పెట్టించి ఎదురుగా కూర్చోండి. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగండి. చాలా ఇళ్లలో పని చెడేది ఇక్కడే. ఆయన నోరు తెరిచేలోపే ఎవరో ఒకరు మాట అందించేస్తారు.

"కాఫీ తాగవా?" అని అడగొద్దు. "ఆఁ" అంటే తాగుతాననా, తాగననా? "కాఫీ కావాలా?" అనండి. అఫేసియాలో అవును, కాదు తారుమారవుతాయి కనుక వెంటనే "టీ కావాలా?" అని కూడా అడిగి సరిచూసుకోండి. రెండింటికీ "ఆఁ" అంటే నోట్‌బుక్‌లో స్కెచ్ పెన్నుతో పెద్దక్షరాల్లో కాఫీ, టీ అని రాసి, చదివి వినిపించి వేలు పెట్టమనండి. చదవలేకపోతే కాఫీ పొడి డబ్బా, టీ ప్యాకెట్ ముందు పెట్టండి.

పెనం అన్న మాట రావట్లేదనుకోండి. "దోసెలు దేని మీద పోస్తాం?" అనండి. రాకపోతే "పె..." అని అందించండి. అప్పటికీ రాకపోతే మీరే చెప్పి, ఒకసారి అనిపించి వదిలేయండి. అన్నిటికీ ఒకే మాట వస్తోందంటే అక్కడే పట్టుకుని లాగొద్దు. కాస్త ఆగి వేరే విషయం ఎత్తండి.

ఆది, సోమ, మంగళ అని వరసగా చెప్పేసినా, పాట పాడేసినా సంతోషమే. కానీ అవి అలవాటుగా దొర్లే మాటలు. మంగళవారం ఒక్కటీ విడిగా చెప్పమంటే ఆగిపోవచ్చు. అందుకే అసలు సాధన చిన్న సంభాషణలతో చేయాలి. కూతురితో ఫోనుకు నాలుగు ముక్కలు చాలు: "ఆఁ అమ్మా. తిన్నావా? నేను బాగున్నా. ఆదివారం రా." మొదట ఇద్దరూ కలిసి అనండి, తర్వాత మీ గొంతు తగ్గిస్తూ రండి. అలసట లేని ఉదయం వేళ పావుగంట, సాయంత్రం ఇంకో పావుగంట. ఆ ముక్కలు పట్టుబడ్డాక నిజంగానే కూతురికి ఫోన్ కలపండి. అవతల ఆమె కూడా ఆగి వినాలని ముందే చెప్పి ఉంచండి.

కొందరు గడగడా మాట్లాడతారు గానీ అర్థం కాదు, మన మాటా వారికి సరిగా అందదు. వారిని మాటమాటకీ దిద్దకండి. చిన్న వాక్యాలు, చేతి సైగలు, ఎదురుగా వస్తువు ఉండాలి. ఏ రకమో తేల్చి సాధన మార్చాల్సింది స్పీచ్ థెరపిస్టే. మొదటి నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది గానీ ఏళ్ల తర్వాత కూడా మెరుగవుతారు. ఆరు నెలలు దాటాయని సాధన ఆపకండి.