హైదరాబాద్ నుంచి డాలస్‌కి: అమ్మానాన్నల్ని విమానం ఎక్కించే ముందు

టికెట్ మీద తెల్లవారుజామున 4 గంటలకి శంషాబాద్‌లో బయల్దేరి, అదే రోజు సాయంత్రం 4కి డాలస్‌లో దిగుతారని ఉంటుంది. పన్నెండు గంటలేగా అనుకుంటారు పెద్దవాళ్లు. మా అమ్మా అలాగే అనుకుంది. టికెట్‌లో వేసేది ఏ ఊరి టైం ఆ ఊరిదే. డాలస్ టైం మనకంటే వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. అది కూడా కలిపితే వేసవిలో అసలు ప్రయాణం 22 గంటల 30 నిమిషాలు. గుంటూరు నుంచి కారులో శంషాబాద్ రావడం, అక్కడ మూడు గంటలు ముందే ఉండటం, అవతల దిగాక ఇమ్మిగ్రేషన్ లైను కూడా వేస్తే 32 గంటలు దాటుతుంది. మందులూ తిండీ ఆ లెక్కన సర్దండి.

మ్యాపులో ఈ రెండు ఊళ్ల మధ్య దూరం దాదాపు 14,400 కిలోమీటర్లు. నేరుగా విమానం లేదు. దోహా మీదుగా వెళ్తే మొదటి విమానం నాలుగున్నర గంటలు, రెండోది పదహారు గంటల దాకా. ఇబ్బందంతా ఆ రెండోదానితోనే.

బాత్రూంకి లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసే అమ్మలే ఎక్కువ. నీళ్లు తాగక, కదలక కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. అందుకే కిటికీ సీటు కాకుండా నడవా పక్క సీటు ముందే బుక్ చేయండి. గంటన్నరకోసారి లేచి నాలుగడుగులు వేయమనండి. ఇంకో చిన్న సంగతి: చాలా విమానాల్లో బాత్రూం తలుపు మధ్యలో నొక్కితే లోపలికి మడుచుకుంటుంది. మా అమ్మ హ్యాండిల్ కోసం వెతికి వెతికి, సిగ్గుపడి వెనక్కొచ్చి కూర్చుందట. ఇంట్లోనే ఒక వీడియో చూపించండి.

మందులన్నీ చేతి బ్యాగులోనే, డాక్టర్ చీటీతో సహా. ఇన్సులిన్ చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టొద్దు, కింద చలికి గడ్డకట్టొచ్చు. ఏ పూట డోసు ఎప్పుడో బయల్దేరకముందే డాక్టర్‌ని అడిగి రాసిపెట్టండి. విమానంలో లైట్లు ఆర్పి కిటికీలు మూసేసరికి రాత్రయిందనుకుని మా అమ్మ బీపీ బిళ్ల రెండోసారి వేసుకోబోయింది. పక్క సీటావిడ ఆపింది కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి చేతి గడియారం డాలస్‌లో దిగేదాకా హైదరాబాద్ టైమే.

రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండేలా చూడండి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఇంకో విమానంలో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌దే అవుతుంది. విడివిడిగా కొంటే ఆ భారం మీదే. మధ్యలో కనీసం మూడు గంటలుంటే మేలు, రెండు గంటలైతే టెన్షనే. నడవగలిగినా సరే, వీల్‌చైర్ ముందే అడగండి. నామోషీ ఏమీ లేదు, గేటు దాకా వాళ్లే తీసుకెళ్తారు.

సామాన్ల దగ్గర గొడవ తిండితోనే. మాంసం పచ్చళ్లు అమెరికాలోకి రానివ్వరు. పచ్చి పళ్లు, కరివేపాకు కూడా వద్దు. ఎండు కొబ్బరి చెక్-ఇన్ బ్యాగులో పెట్టనివ్వరు, దానికి మంటంటుకునే గుణం ఉందని. పవర్ బ్యాంకు మాత్రం చేతి బ్యాగులోనే ఉండాలి. ఆవకాయ గట్టిగా సీలు చేసి సూట్‌కేసులో వేయండి, కస్టమ్స్ వాళ్లు అడిగితే ఉందని చెప్పమనండి. దాచిపెడితేనే జరిమానా.