జెనిఫర్స్ బాడీ చూసే ముందు ఓ మాట

2009లో వచ్చిన ఈ సినిమాని ట్రైలర్ చూసి అంచనా వేయకండి, దాన్ని మేగన్ ఫాక్స్ అందం చూపించి కుర్రాళ్లకి అమ్మాలని చూశారు గానీ డయాబ్లో కోడీ రాసిందీ కరిన్ కుసామా తీసిందీ ఒకే హైస్కూల్లో చదివే జెనిఫర్ (మేగన్ ఫాక్స్), నీడీ అనే ఇద్దరమ్మాయిల స్నేహం గురించి. హడలిపోదామని కూర్చుంటే నిరాశే. వెటకారం పట్టుకోండి.

బార్ తగలబడే సీన్ రాగానే ఫోన్ పక్కన పడేయండి. ఆ తర్వాత ఊరంతా ఏడుస్తుంటే, పేరు కోసం జెనిఫర్‌ని సైతానుకి బలిచ్చిన బ్యాండ్ వాళ్లే హీరోలైపోతారు, వాళ్ల పాటే సంతాప గీతమైపోతుంది. నాకైతే దయ్యం కన్నా ఇదే ఎక్కువ వణుకు పుట్టించింది.

ఇంకోటి, ఆ బలి తర్వాత మనుషుల్ని తినే దయ్యంగా మారిన జెనిఫర్ మొహం గమనిస్తూ ఉండండి. కడుపు నిండితే నిగనిగలాడుతుంది, ఆకలేస్తే జుట్టు జీవం లేక, చర్మం పాలిపోయి, అద్దం ముందు మేకప్ పులుముకుంటూ దిగులుపడే మామూలు టీనేజ్ పిల్లలా కనిపిస్తుంది (దయ్యానికీ మొటిమల టెన్షనే!).

నీడీ మొదట్లో ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. చివర్లో పేర్లు పడుతున్నాయని ఆపేయకండి, బ్యాండ్ లెక్క తేలేది అక్కడే.