ఇతోసు గారి బాటలో కరాటే – 4వ పాఠం: నైహాంచిలో నిలబడటం

పోయిన పాఠంలో పిడికిలి బిగించడం నేర్చుకున్నాం. ఈసారి చేతులకు పనిలేదు, నైహాంచి అనే కటా (వరుసగా కూర్చిన కరాటే కదలికలు) కోసం ఉత్తినే నిలబడటం నేర్చుకుంటాం. నిలబడటం కూడా ఒక పాఠమేనా అనిపిస్తే ముందు ఇతోసు గారి గురించి కొంచెం వినండి.

ఇతోసు అంకో 1831లో ఒకినావా దీవిలోని షురిలో పుట్టారు. అప్పట్లో అది ర్యూక్యూ రాజ్యానికి రాజధాని. కరాటే గురువు మత్సుమురా సోకోన్ దగ్గర విద్య నేర్చుకుని, రాజుగారి కొలువులో లేఖకుడిగా పనిచేశారు. 1879లో జపాన్ ఆ రాజ్యాన్ని కలిపేసుకుంది. గుట్టుగా, కొద్దిమందికే చెప్పే ఈ విద్యను 1901లో షురి ప్రాథమిక పాఠశాల పిల్లల దగ్గరికి తెచ్చింది ఆయనే. అప్పటికి ఆయన వయసు డెబ్బై! బడిపిల్లల కోసం ఐదు పినాన్ కటాలు కూర్చారు. మన ఊళ్లలో షోటోకాన్ శైలి కరాటే నేర్చుకునే పిల్లలు చేసే హెయాన్ కటాలు అవే. ఆ పేరు పెట్టింది ఆయన శిష్యుడు ఫునాకోషి గిచిన్.

ఆ ఫునాకోషి మాత్రం ఇతోసు దగ్గర మూడు నైహాంచి కటాల మీదే పదేళ్లు గడిపారు. నైహాంచి మొత్తం ఒకే గీత మీద అడ్డంగా నడుస్తుంది. ముందుకూ వెనక్కూ అడుగే ఉండదు కాబట్టి, కాళ్లలో పట్టు లేకపోతే దాచుకునే చోటు ఎక్కడా దొరకదు.

ఇక మొదలుపెడదాం. చెప్పులు విప్పి గట్టి నేల మీద నిలబడండి. పాదాలు భుజాల వెడల్పు కంటే కాస్త ఎక్కువ దూరంలో పెట్టండి. కొన్ని శైలుల్లో బొటనవేళ్లు లోపలికి తిప్పుతారు. మీరు ప్రస్తుతానికి రెండు పాదాలూ సమాంతరంగానే ఉంచండి, మోకాళ్లకు అదే క్షేమం. మోకాళ్లు కొద్దిగా వంచండి, అవి లోపలికి పడిపోకుండా కాలివేళ్ల వైపే చూడాలి. బరువు రెండు కాళ్ల మీదా సమానంగా ఉండాలి. వెన్ను నిటారుగా పెట్టి, నడుమును కిందికి దించండి. వేళ్లతో నేలను పట్టుకున్నట్టు ఉండాలి.

ఇప్పుడు భుజాలు వదిలేయండి. అందరూ తప్పేది ఇక్కడే. కాళ్లు మంటపుట్టగానే భుజాలు చెవుల దాకా లేస్తాయి, ఊపిరి ఆగిపోతుంది. 1908 అక్టోబరులో ఇతోసు రాసిన లేఖలో పది సూత్రాలు ఉన్నాయి. నిలబడేటప్పుడు వెన్ను నిటారుగా, భుజాలు కిందికి, బలం కాళ్లలో, ప్రాణశక్తి బొడ్డు కింద ఉండాలని అందులో ఒకటి. సాధనలో మరీ బిగుసుకుపోతే శక్తంతా పైకెక్కి మొహం ఎర్రబడుతుంది, కళ్లు ఎరుపెక్కుతాయి, ఒంటికి చేటు అని ఇంకొకటి. నాకు ఆ పదింటిలో ఈ రెండోదే ప్రాణం. మొదటి రెండేళ్లూ పళ్లు బిగించి సాధన చేశాను. మెడనొప్పి వచ్చింది గానీ కాళ్లకు బలం రాలేదు. ఆ సూత్రం అప్పుడే తెలిసుంటే ఎంత బాగుండేదో!

ఒక నిమిషం నిలబడండి, ఒక నిమిషం ఆగండి. ఇలా మూడుసార్లు చాలు. ముక్కుతో గాలి తీసుకుంటూ, పొట్ట కింది భాగం కదులుతోందో లేదో అరచెయ్యి పెట్టి చూసుకోండి. తొడలు వణికితే భయం లేదు. మోకాలి లోపల పోటు వస్తే మాత్రం వెంటనే ఆపి, తర్వాత ఇంకాస్త పైకి లేచి నిలబడండి.

నాలుగో రోజు ఇంట్లో ఎవరినైనా పిలిచి, నడుము పక్కనుంచి మెల్లగా నెట్టమనండి. మీరు ఊగి, భుజం బిగిస్తే బలం ఇంకా పైనే ఉందన్నమాట. ఎదురు నెట్టకండి. ఊపిరి వదులుతూ నడుమును కాస్త కిందికి దించండి, పాదాలే సర్దుకుంటాయి. ఈ మార్పు మీకు తెలిసిన రోజు ఎంత ఆనందంగా ఉంటుందో నేను మాటల్లో చెప్పలేను.

రోజుకు గంటో రెండు గంటలో సాధన చేస్తే మూడు నాలుగేళ్లలో ఒళ్లు మామూలు వాళ్ల ఒంటిలా ఉండదని ఇతోసు రాశారు. నెమ్మదిగా నడిచే ఎద్దే వేల మైళ్లు వెళ్తుందన్న సామెతను కూడా ఆయన ఆ లేఖలో గుర్తుచేశారు. మీరు ఈ వారం రోజుకు పది నిమిషాలు కేటాయించండి.

5వ పాఠంలో ఒక కాలిని రెండో కాలి ముందు నుంచి దాటించి అడ్డంగా అడుగు వేయడం చూద్దాం. అందుకోసం నేల మీద సుద్దముక్కతో రెండు గజాల గీత గీసి ఉంచుకోండి.