సైజింగ్ డైలో కేసు ఇరుక్కోకుండా

అమెరికాలో ఇంట్లో .308 రైఫిల్ తూటాల రీలోడింగ్ (కాల్చిన ఇత్తడి కేసుల్ని మళ్లీ నింపడం) చేసేవాళ్లకు ఫుల్ లెంగ్త్ డైలో, అంటే కేసును మళ్లీ సరైన కొలతకు నొక్కే అచ్చులో, ఇత్తడి కేసు బిగుసుకుందంటే ఇక ఆ పూట పని ఆగినట్టే. అలా కాకుండా కేసులకు జిడ్డు పూయడానికి ఖరీదైన స్ప్రే అక్కర్లేదు. లిక్విడ్ లానోలిన్ (గొర్రె ఉన్ని జిడ్డు) 1 వంతు, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 12 వంతులు సీసాలో బాగా కలపండి, మంటకు దూరంగా. 50 శుభ్రమైన కేసుల్ని జిప్ సంచిలో వేసి, నాలుగైదు సార్లు చల్లి దొర్లించండి. కేసు మూతి లోపలా కాస్త తగలాలి. పరిచి, ఆల్కహాల్ పూర్తిగా ఆరాకే డైలోకి పంపండి. అయిదు నిమిషాలు చాలు. తడి మీద పంపితే ఇరుక్కోవచ్చు.

70 శాతం ఆల్కహాల్ వద్దు, అందులోని నీటితో లానోలిన్ కలవదు. ఎక్కువ చల్లితే కేసు భుజం (మెడ కిందున్న వాలు) దగ్గర సొట్టలు పడతాయి. సైజింగ్ అయ్యాక లోపలా బయటా జిడ్డు పోయేలా కడిగి ఆరబెట్టాకే ప్రైమర్ (మందును రాజేసే చిన్న మూత), పౌడర్ (మందు).